మానుష ప్రతిమ



ప్రతిమ అనే శబ్దంలో 'మా' ధాతువు ఉన్నది. కొలుచుట అని దాని అర్థం. ఒకదానికి ఎదురుగా నిలిపి కొలవదగినది ప్రతిమ. ఈ వ్యుత్పత్తిని వేదపాఠశాలలో ఉన్ననాడే విన్నాను. మూడు దశాబ్దాలుగా జనగామ ప్రాంతంలోని ఒక శివాలయంలో అర్చకత్వం నిర్వహిస్తూ, ప్రతిమల మధ్యనే జీవిస్తున్నాను. అయినా ప్రతిమను మనం కొలుస్తున్నప్పుడు అది కూడా మనలను కొలుస్తుందన్న సంగతి ఈ సంవత్సరమే అనుభవానికి వచ్చింది. ఆ పాఠం చెప్పినది ఆలయంలోని శిలామూర్తి కాదు, 17 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక రెసిన్ బొమ్మ.

వైశాఖమాసంలో ఒక సాయంకాలం ప్రదోషపూజ ముగించి మండపంలో కూర్చున్నాను. మా గ్రామపు గౌడ కుటుంబంలోని ఒక విద్యార్థి అట్టపెట్టె ఒకటి పట్టుకొని వచ్చాడు. వరంగల్లులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పెట్టెలో బూడిదరంగు ముక్కలు ఐదు ఉన్నవి: కాళ్ళతో కూడిన మొండెం, శిరస్సు, ఖడ్గం పట్టిన కుడిచేయి, డాలు పట్టిన ఎడమచేయి, రాతినేలవంటి పీఠం. శిరస్సుకు రుమాలు, నడుముకు తాళ్ళెక్కే మోకు.

"సర్వాయి పాపన్న, అయ్యగారూ. నేనే కంప్యూటర్ల చేసిన. చవితికి మట్టి గణపతులకు మీరు కండ్లు దిద్దుతరు గదా, దీనికి గూడ మీరే రంగులెయ్యాలె. మా తాతకు ఇద్దామని" అన్నాడు.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అందుకు కారణం ఆ బాలునికి తెలియదు. అతని తాతగారికి తెలుసు, నాకు తెలుసు.

సుమారు ఇరవై ఆరు సంవత్సరాల క్రితం, నాన్నగారి అనంతరం ఆలయబాధ్యత కొత్తగా నా భుజాలమీదికి వచ్చిన రోజులలో, మా ఊరి గౌడులు తాటివనం పక్కన వేపచెట్టు కింద ఒక గద్దె కట్టి దానిమీద పాపన్న చిత్రపటాన్ని నిలుపుకొన్నారు. నలుగురు పెద్దలు ఇంటికి వచ్చి, ఒకసారి వచ్చి కొబ్బరికాయ కొట్టి రెండు మంత్రాలు చదివిపొమ్మని అడిగారు. ముందు నిలబడి అడిగినవాడు ఈ బాలుని తాతగారే. అప్పుడే పాఠశాల నుండి వచ్చిన పాండిత్యగర్వం నాలో ఉన్నది. "దోపిడీ చేసినవాడు దేవుడెట్లా అవుతాడు? నేను రాను" అన్నాను. వారు వాదింపలేదు, తలవంచుకొని వెళ్ళిపోయారు. ఆ వేసవిలో తొలి ముంజల గెల యథాప్రకారం ఆ ఇంటినుండే స్వామి నైవేద్యానికి వచ్చింది. ఆ తరువాత ఒక్క సంవత్సరం కూడా తప్పలేదు. ప్రతి వేసవిలోను ఆ గెలను చూసినప్పుడు నా మాట నాకు గుర్తుకు వచ్చేది. పెట్టె మూత వేసి, "సరే, నాయనా, ఇక్కడ ఉంచు" అన్నాను.

పాపన్న చరిత్ర ఈ ప్రాంతీయులకు కొత్త కాదు. జనగామ జిల్లాలోని రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపురం ఉన్నది. ఆ ఊరిలో ఆయన పేరుతో చెప్పుకొనే కోట నేటికీ నిలిచి ఉన్నది. కల్లుగీత వృత్తిగా గల కుటుంబంలో పుట్టి, అనుచరులను కూడగట్టి, మొగలుల అధికారాన్ని ధిక్కరించిన వ్యక్తి. ఔరంగజేబు 1707లో మరణించాడు. మరుసటి సంవత్సరమే పాపన్న సేన వరంగల్లు మీద పడింది. 1709లో బహదూర్ షా హైదరాబాదుకు వచ్చినప్పుడు ఆ చక్రవర్తి చేతినుండి పాపన్న గౌరవవస్త్రాన్ని కూడ పొందాడు. 1710లో మొగలు అధికారులకు పట్టుబడి వధింపబడ్డాడు.

ఆయనను గురించి రెండు సాక్ష్యాలున్నవి. పారసీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ దృష్టిలో ఆయన బందిపోటు. ధనికులను దోచాడని, వరంగల్లులో స్త్రీలను, పిల్లలను చెరబట్టాడని ఆ గ్రంథం చెబుతుంది. పల్లెలలో పాడుకొనే కథాగానం దృష్టిలో ఆయన సర్దారు, దొరతనాన్ని ఎదిరించిన తాళ్ళెక్కేవాడు. ఇప్పుడు ప్రభుత్వమే ఆగస్టు 18న ఆయన జయంతిని జరుపుతున్నది. నేను ఆనాడు మొదటి సాక్ష్యాన్ని మాత్రమే విని తీర్పు చెప్పాను. ఇప్పుడు రెండింటిని ఒకే ముఖంమీద దిద్దవలసిన పని నాకు వచ్చిపడింది.

మొదట ఆ ద్రవ్యాన్ని గురించి తెలుసుకోవాలనిపించింది. భాగవతం ఏకాదశస్కంధంలో భగవంతుడు ఉద్ధవునికి ప్రతిమల అష్టవిధత్వాన్ని చెప్పాడు. రాయి, కొయ్య, లోహం, లేపనం, చిత్రలేఖనం, ఇసుక, మనస్సు, మణి అని ఆ ఎనిమిది. రెసిన్ ఇందులో దేనికి చెందుతుంది? బాలుడు వివరించాడు. తొట్టెలో చిక్కని ద్రవం ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలినచోట అది గట్టిపడుతుంది. యంత్రం ఆ కాంతితో ఒక్కొక్క పొరను, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందంతో, ఒకదానిమీద ఒకటిగా పేరుస్తుంది. పూర్తయిన ముక్కలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కడిగి, ఆధారంగా నిలిపిన సన్నని పుల్లలను కత్తిరించి, మరల కాంతిలో ఉంచితేనే ద్రవ్యం పూర్తిగా స్థిరపడుతుంది. గట్టిపడని రెసిన్ చర్మానికి హానికరం. కావున చేతితొడుగులు లేకుండా దానిని ముట్టరాదని గట్టిగా చెప్పాడు.

"ఎండల పెట్టినా గట్టిపడతది అయ్యగారూ, ఎండల గూడ ఆ కిరణాలు ఉంటయి గదా" అన్నాడు. ఒక ముక్క అడుగున ఇంకా కొద్దిగా జిగట ఉన్నది. మరునాడు ప్రాతస్సంధ్య ముగించి, అర్ఘ్యమిచ్చిన ప్రదేశంలోనే పీటమీద దానిని ఎండబెట్టాను. మధ్యాహ్నానికి జిగట పోయింది. శాస్త్రపు అష్టవిధాలలో ఈ ద్రవ్యం ఏ గణంలో చేరుతుందో నిర్ణయించే అధికారం నాకు లేదు. కాని సూర్యభగవానుని తేజస్సు తగిలి రూపం స్థిరపడే పదార్థాన్ని హీనంగా చూడవలసిన హేతువు కూడ కనబడలేదు.

పని ప్రారంభమైంది. ముక్కలను సబ్బునీటిలో మృదువైన కుంచెతో కడిగి ఆరబెట్టాను. పుల్లలు విరిచినచోట్ల మిగిలిన మొటిమలను నీటిలో తడిపిన గరుకుకాగితంతో రుద్దాను. పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులలోనికి పోతుంది. కావున తడి ఉండాలి, ముక్కుకు గుడ్డ ఉండాలి. భుజంలోను చేతిమొదటిలోను సన్నని రంధ్రాలు తొలిచి, ఒక మిల్లీమీటరు ఇత్తడి తీగను కీలుగా దిగగొట్టి, జిగురు వేశాను. వట్టి జిగురుతో అతికిన చేయి ఖడ్గం బరువుకు ఎప్పుడో ఒకనాడు ఊడిపోతుందట. అతుకులోని సందును పుట్టీతో పూడ్చి మరల రుద్దాను. శిరస్సును మాత్రం అతికించక, ఒక పుల్లకు గుచ్చి విడిగా ఉంచుకొన్నాను. ముఖానికి రంగులు వేయడం అప్పుడే సులభం.

శిరస్సును తాత్కాలికంగా మెడమీద నిలిపి, దర్భతో కొలిచి చూశాను. మొత్తం ఎత్తు తల ఎత్తుకు ఏడున్నర రెట్లు వచ్చింది. శిల్పశాస్త్రంలో దేవతామూర్తులకు నవతాలం, దశతాలం వంటి మానాలు ఉన్నవి. దేవుని రూపం మనుష్యప్రమాణాన్ని మించి ఉండాలని ఆ విధానం. ఈ బాలుడు తన వీరుని పెంచలేదు. ఐదున్నర అడుగుల పైచిలుకు మనిషిని ఉన్నవానిని ఉన్నట్లుగా పదవ వంతుకు తగ్గించాడు. "పెద్దగ చెయ్యాలని అనిపించలేదా?" అని అడిగాను. "మా తాత ఎత్తే పెట్టిన, అయ్యగారూ" అన్నాడు. ఇరవై ఆరు సంవత్సరాల క్రితం నేను ఆ పెద్దలకు వేసిన ప్రశ్న మరల చెవులలో మ్రోగింది. పాపన్న దేవుడని వారిలో ఎవరు అన్నారు?

బూడిదరంగు ప్రైమర్ వేసి ఆరిన తరువాత చర్మానికి రంగు కలిపాను. అక్రిలిక్ రంగును నీటితో పలుచన చేసి, ఒక పొర ఆరిన తరువాత మరియొకటి వేయాలి. చిక్కగా ఒకేసారి వేస్తే శిల్పరేఖలు పూడిపోతాయి. పదపాఠం నుండి క్రమం, క్రమం నుండి జట, ఘనం వరకు అదే మంత్రాన్ని మరల మరల ఆవృత్తి చేసినవాడిని గనుక ఈ ఓర్పు నాకు కష్టమనిపించలేదు. మూడురోజులలో ముఖం, చేతులు, కాళ్ళు పూర్తిచేశాను. పని బాగా కుదిరిందనే సంతోషంతో బాలుణ్ణి పిలిచి చూపాను.

అతడు చాలాసేపు చూశాడు. మర్యాద తప్పకుండా, మెల్లగా అన్నాడు: "గింత ఎర్రగ ఉంటడా అయ్యగారూ? రోజు పొద్దుగాల, పొద్దుమీకి తాళ్ళెక్కినోడు గదా. మా తాత గూడ గిట్ల లేకుండె."

నేను సిగ్గుపడ్డాను. కలపేటప్పుడు నా మనస్సులో ఏ రూపమున్నదో ఆలోచించాను. పంచాంగపు అట్టమీది రాముడు, క్యాలెండరులోని శివుడు, చిన్ననాడు చూసిన సినిమాలోని కథానాయకుడు. వీరుడంటే పచ్చని దేహచ్ఛాయ ఉండాలని ఎవరూ నాకు బోధింపలేదు. నీలమేఘశ్యాముని, కాలకంఠుని ప్రతిదినం స్తుతించే నాలుక నాది. అయినను చేయి తనంతట తానే తెలుపు డబ్బాలోనికి పోయింది. పాపన్నను నేను గౌరవిస్తున్నానని అనుకొంటూనే, అతని కులస్థుల దేహవర్ణాన్ని ఆయననుండి తుడిచివేశాను. ఆనాడు నోటితో చేసిన తప్పును ఈనాడు కుంచెతో చేశాను.

రంగును స్పిరిటుతో కరిగించి, పాత పళ్ళబ్రష్షుతో మెల్లగా తీసివేసి, ప్రైమర్ మరల వేశాను. ఈసారి బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమవర్ణాన్ని ఆధారంగా తీసుకొని, ఎత్తైన చోట్లకు ఎల్లో ఆకర్ కొద్దికొద్దిగా కలుపుతూ పోయాను. తెలుపు కలిపితే నల్లని చర్మం సున్నం పూసినట్లు కనబడుతుంది. పసుపుపచ్చ, ఎరుపు కలిపితే ఎండ తగిలినట్లు కనబడుతుంది. చెంపయెముక, ముక్కుదూలం, భుజశిరస్సు, మోకాలిచిప్ప - ఎండ మొదట తాకే చోట్లు ఇవే. ఈ రెసిన్ సూర్యకాంతితో గట్టిపడినది, ఆ మనిషి చర్మమూ అదే ఎండలో పాకానికి వచ్చినది. బాలుడు వచ్చి చూసి ఏమీ అనలేదు. తన ముంజేతిని బొమ్మ పక్కన పెట్టి చూసుకొని నవ్వాడు.

తరువాత మీసం. ఇంతలో మా ఇంటి మొక్కు తీర్చడానికి కుటుంబసమేతంగా కురవి వెళ్ళవలసి వచ్చింది. మహబూబాబాదు జిల్లాలోని కురవి వీరభద్రస్వామి క్షేత్రం మన ప్రాంతంలో సుప్రసిద్ధం. స్వామికి కోరమీసాలు సమర్పించడం అక్కడి భక్తుల ఆచారం. 2017 మహాశివరాత్రినాడు అప్పటి ముఖ్యమంత్రి బంగారు కోరమీసాలు సమర్పించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను నా బొమ్మకు పనికివచ్చే మీసపు వంపును చూద్దామని సన్నిధిలో నిలబడ్డాను. కాని అక్కడ నా మనస్సుకు తట్టినది వేరు.

వీరభద్రుడు పుట్టినది ఒక యజ్ఞం కారణంగా. దక్షుడు అందరిని పిలిచి, శివుని మాత్రం పిలువలేదు. మంత్రలోపం లేదు, ద్రవ్యలోపం లేదు, ఋత్విక్కులు మహర్షులు. లోపమల్లా ఒకరిని వెలుపల ఉంచడం. ఆ యజ్ఞం ధ్వంసమైనప్పుడు వీరభద్రుడు భృగుమహర్షి గడ్డమీసాలను పెరికివేశాడని భాగవతం చతుర్థస్కంధం చెబుతుంది. భృగువు అక్కడ ఆహుతులు వేస్తున్న ఋత్విక్కు. ఎన్నోమార్లు పురాణప్రవచనంలో ఈ ఘట్టాన్ని చెప్పాను. ప్రతిసారి దక్షుని అహంకారాన్ని నిందించాను. ఆ దండన ఋత్విక్కునికి కూడ తగిలిందన్న సంగతి, అనగా నావంటి వానికి తగిలిందన్న సంగతి, ఆ సన్నిధిలో మాత్రమే హృదయానికి ఎక్కింది. పిలిచినచోటికి పోకుండటం పిలువకుండటం కంటె చిన్న తప్పేమీ కాదు.

ఖడ్గానికి లోహవర్ణం వేయవలసి వచ్చినప్పుడు పెంబర్తి వెళ్ళాను. జనగామ పక్కనే ఉన్న ఆ గ్రామపు ఇత్తడి రేకుపని లోకవిఖ్యాతం. దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. మా స్వామి కవచానికి మెరుగుపెట్టే పనిమీద అక్కడి ఒక వృద్ధ శిల్పితో నాకు పరిచయం. వారు రేకును లక్కమీద అమర్చి, వెనుకనుండి ఉలితో కొట్టి ఉబ్బెత్తు తెస్తారు, ముందునుండి కొట్టి రేఖలు దిద్దుతారు. వెండిరంగు పూసి ధగధగ మెరుస్తున్న నా ఖడ్గాన్ని చేతిలోనికి తీసుకొని ఆయన నవ్వారు. "ఇది పెండ్లి కత్తి, పంతులుగారూ. వాడిన కత్తికి అంచొక్కటే మెరుస్తది, ఒళ్ళు మెరవదు. పల్లంల ఉన్న నలుపు తుడిస్తే పనితనం కనబడదు" అన్నారు.

ఇంటికి వచ్చి నలుపు, గోధుమ కలిపిన రంగును నీళ్ళవలె పలుచన చేసి ఖడ్గమంతటా పారించాను. అది పల్లాలలో నిలిచి ఆరింది. తరువాత దాదాపు పొడిగా ఉన్న కుంచెకు చుక్క వెండిరంగు అద్ది అంచున మాత్రం దువ్వాను. బట్టల మడతలకు, మోకు పురులకు ఇదే పద్ధతి. ఖాఫీఖాను వ్రాసిన మాటలు ఆ నలుపు పారించే సమయంలో నాకు గుర్తుకు వచ్చినవి. అవి శత్రుపక్షపు మాటలని పూర్తిగా తుడిచివేయడం నాకు ఇష్టం లేకపోయింది. చెరపట్టబడిన వారికి కూడ కన్నీళ్ళున్నవి. కావున ఈ కత్తిని అలంకారంగా చూపరాదు, వాడిన కత్తిగానే చూపాలి. నెత్తురు పూయమందునా అని బాలుడు అడిగాడు. వద్దన్నాను. పల్లంలోని నలుపు చాలు, చూడదలచినవాడు చూస్తాడు.

జ్యేష్ఠమాసాంతంలో కాళేశ్వరం దర్శనానికి పోతూ, భూపాలపల్లి జిల్లాలోని గణపురం కోటగుళ్ళవద్ద ఆగాము. బాలుడు కూడ మాతో వచ్చాడు. కాకతీయుల కాలపు ఆలయసముదాయమది. మట్టికోట లోపల ప్రధానాలయం చుట్టూ చిన్నగుడులు, వాటిలో చాలావరకు శిథిలాలు. సింహముఖంతో ఏనుగునెక్కిన గజకేసరి శిల్పాలు అక్కడ ప్రసిద్ధం. మబ్బుపట్టి వెలుగు తగ్గినందున, బాలుడు ఒక స్తంభంమీది రేఖలను కంటితో పోల్చలేక వేళ్ళతో తడిమి చూశాడు. "రంగు లేకున్నా తెలుస్తుంది, అయ్యగారూ" అన్నాడు. తిరిగివచ్చేటప్పుడు కారులో చెప్పాడు: తాతగారికి నీటికాసులనే వ్యాధి వచ్చి చూపు పోయిందట. ఒక కంట వెలుతురు తెలుస్తుంది, రూపం తెలియదు.

"మరి ఈ రంగులన్నీ ఎవరికోసం, నాయనా?" అని అడిగాను.

"ఆయనకే, అయ్యగారూ. రంగులెయ్యకుండ ఇస్తే, కండ్లు లేవు గదా అని ఇచ్చినట్టుంటది."

ఆ మాటకు నావద్ద సమాధానం లేదు. గర్భాలయపు చీకటిలో, ఎవరూ చూడని స్వామి వీపుకు కూడ నేను ప్రతిదినం చందనం అలదుతాను. ఎవరైనా ఎందుకని అడిగితే ఈ బాలుడు చెప్పిన సమాధానం కంటె మేలైనది చెప్పగలనా?

చివరకు కన్నులు మిగిలినవి. ఆలయప్రతిష్ఠలో నయనోన్మీలనం ఒక మహాకర్మ. స్వర్ణశలాకతో మూర్తి నేత్రాలను తెరుస్తారు. అధివాసాదులు, హోమాలు, న్యాసాలు దానితో కూడి ఉంటాయి. నా బొమ్మకు ఇవేవీ లేవు, ఉండరాదు. ప్రాణప్రతిష్ఠ చేయని ప్రతిమను అర్చించడం శాస్త్రం కాదు, అర్చింపదగని దానికి ప్రాణప్రతిష్ఠ చేయడం అంతకంటె శాస్త్రం కాదు. ఈ విషయంలో ఇరవై ఆరు సంవత్సరాల క్రితపు అభిప్రాయాన్ని నేను మార్చుకోలేదు. పాఠకులు దీనిని స్పష్టంగా గ్రహించాలని నా ప్రార్థన. నేను మార్చుకొన్నది మరొకటి.

ఆ ముఖంలో కన్ను పొడవు మూడు మిల్లీమీటర్లు. అచ్చమైన తెలుపు వేస్తే భయపడినట్లు కనబడుతుంది. కావున కొద్దిగా గోధుమ కలిపిన తెలుపు వేశాను. నల్లగుడ్డు పైభాగం పైరెప్ప కిందికి పోవాలి, లేకుంటే గుడ్లురిమినట్లు ఉంటుంది. శ్వాసను బిగబట్టి, కుంభకంలో ఉండగా ఒక చుక్క, విడిచి మరల బిగబట్టి రెండవ చుక్క. దృష్టి ఎటు ఉండాలనే విషయం చాలాదినాలు ఆలోచించాను. దేవతామూర్తి దృష్టి భక్తునిమీద కరుణతో వాలుతుంది. ఈయనకు ఆ దృష్టి తగదు. శత్రువును చూసే ఉగ్రదృష్టి పెడితే అది ఒక్క ఘట్టానికే చెల్లుతుంది. ఎదుట నిలిచిన సమానస్థుని కంటిలోనికి చూస్తున్నట్లు దిద్దాను. పూర్తయిన తరువాత శిరస్సును మెడకు అతికించి, మెరుపులేని వార్నిష్ పట్టించి, పీఠంమీద నిలిపాను. ఆ చూపు నామీదనే నిలిచింది. దానిని తప్పించుకొనడానికి నేను కొంచెం పక్కకు జరిగానని ఒప్పుకోవాలి.

ఆగస్టు 18న ఉదయపూజ ముగించి, బొమ్మను స్వయంగా తీసుకొని ఆ ఇంటికి వెళ్ళాను. వృద్ధుడు అరుగుమీద గోడకానుకొని కూర్చుని ఉన్నాడు. మనుమడు చెవిలో చెప్పగానే లేవబోయాడు. నేను వారించి పక్కన కూర్చున్నాను. బొమ్మను చేతులలో పెట్టాము. ఆయన వేళ్ళు రుమాలుమీదుగా, మీసంమీదుగా, ఖడ్గంమీదుగా దిగి నడుమువద్ద ఆగినవి. మోకు పురులను ఒక్కొక్కటిగా తడిమాడు. "మోకు పెట్టిండ్రు. మనోడే" అన్నాడు. కొంతసేపటికి, "రుమాలు ఏం రంగు, అయ్యగారూ?" అని అడిగాడు.

నేను చెప్పసాగాను. రుమాలు మోదుగుపూవు రంగు, మడతల లోపల ముదురు. దేహం నేరేడుచెక్క చాయ, భుజాలమీద ఎండ తగిలిన మెరుపు. అంగీ నేసిన నూలుబట్ట, మాసిన తెలుపు. కత్తి అంచు మాత్రం మెరుస్తున్నది, ఒళ్ళంతా నల్లబడి ఉన్నది. మీసం కోరమీసం. కన్నులు ఎదుటివానిని సూటిగా చూస్తున్నవి. పాదం కింద ఖిలాషాపురం గుట్టరాయివంటి రాయి. చెబుతూ చెబుతూ ఉండగా నాకు తెలియకుండానే నా గొంతు ధ్యానశ్లోకం చదివే స్వరానికి మారింది. శిరస్సు మొదలుకొని పాదాలవరకు రూపాన్ని వాక్కులో నిలపడం నాకు చిన్ననాటినుండి అలవాటైన పని. కన్నులు మూసుకొన్నవానికి మూర్తిని చూపడమే ధ్యానశ్లోకపు ప్రయోజనం. ఆయన ముఖంలో వెలుగు కనబడింది. చూస్తున్నాడని నాకు తెలిసింది. అష్టవిధ ప్రతిమలలో మనోమయి ఒకటి. రెసిన్‌కు చోటు దొరకలేదని వెతుకుతున్న నాకు, ఈ బొమ్మ చేరవలసిన గణం అప్పుడు స్పష్టమైంది.

వర్ణన ముగిసిన తరువాత, "ఆనాడు మీరు పిలిస్తే నేను రాలేదు. అట్లా మాట్లాడి ఉండవలసింది కాదు" అన్నాను.

ఆయన బొమ్మను ఒడిలో పెట్టుకొని, దానినే తడుముతూ అన్నాడు: "మేం దేవుడన్నమా, అయ్యగారూ? మా మనిషి అన్నం. ఊళ్ళె శుభమైనా అశుభమైనా మీరొస్తరు. మా మనిషి కాడికి గూడ వస్తరనుకున్నం. గంతే."

అంతే. నేను ఆనాడు చెప్పిన సిద్ధాంతంలో దోషం లేదు. దోషమల్లా అది ఎవరూ అడగని ప్రశ్నకు సమాధానం కావడం. వారు నన్ను ప్రతిష్ఠకు పిలువలేదు, తమ వేడుకకు పిలిచారు. ఆరాధనకు అధికారభేదాలు, విధినిషేధాలు ఉన్నవి. మర్యాదకు అవి లేవు. ఈ రెండింటిని కలిపివేసిన అజ్ఞానాన్ని నేను శాస్త్రనిష్ఠ అనుకొని ఇరవై ఆరు సంవత్సరాలు మోశాను.

ఆ సాయంకాలం వేపచెట్టు కింది గద్దెవద్దకు వెళ్ళాను. మంత్రం చదవలేదు, ఎవరూ చదవమనలేదు కూడ. కొబ్బరికాయ కొట్టి, పెద్దల పక్కన కూర్చుని పాపన్న కథ విన్నాను. చీకటిపడిన తరువాత, గుడిలో దీపం పెట్టే వేళయిందని లేచి వచ్చాను. వస్తుంటే వెనుకనుండి ఆ వృద్ధుని గొంతు మనుమడితో అంటున్నది: "అయ్యగారికి దారిల లైట్ పట్టు."

స్వస్తి.